‘వద్దు’ అంటే వద్దనే: జర్మనీలో మర్యాద, మన మొహమాటం

[దృశ్యం: భోజనాల బల్ల మీద ప్లమ్ పండ్ల కేకు, పక్కన కాఫీ కప్పులు]

నమస్కారం. జర్మన్లు కరకు మనుషులు, మర్యాద పట్టదు అని చాలామంది అంటారు. నిజమేనా? జర్మనీకి వచ్చిన రెండో నెలలో నాతో పనిచేసే ఒకాయన ఆదివారం మధ్యాహ్నం ఇంటికి పిలిచారు. ఆదివారం మూడు, నాలుగు గంటల వేళ కాఫీ, కేకు పెట్టుకుని తీరిగ్గా కూర్చోవడం అక్కడి ఇళ్ళలో పాత అలవాటు. సెప్టెంబరు నెల, ప్లమ్ పండ్ల కాలం. పండ్లను చీల్చి, పిండి మీద వరసలుగా పేర్చి కాల్చిన కేకు అది. మన ఇళ్ళలో అతిథికి ఎలా పెడతారో తెలుసు కనుక, నేను పొద్దున ఏమీ తినకుండానే వెళ్ళాను. మొదటి ముక్క తిన్నాను. ఎంతో బాగుంది. ఆయన భార్య “ఇంకో ముక్క వెయ్యమంటారా?” అని అడిగారు. నేను నవ్వుతూ “డాంకె” అన్నాను. డాంకె అంటే ధన్యవాదాలు. ఆవిడ సరేనని తల ఊపి, కత్తిని పళ్ళెం అంచున పెట్టేశారు. మళ్ళీ అడగలేదు.

ఏదైనా ఇవ్వబోతున్నప్పుడు ఒట్టి ‘డాంకె’ అంటే ‘వద్దు’ అని అర్థమని నాకు అప్పటికి తెలియదు. కావాలంటే ‘యా, గెర్నె’ అనాలి, అంటే ‘సంతోషంగా’ అని. అయితే భాష తెలియకపోవడం చిన్న సంగతి. తెలిసి ఉన్నా నేను వద్దనే అనేవాణ్ణి. మొదటిసారి అడగగానే సరే అనడం మనకు చేతకాదు.

దానికి మన భాషలో మొహమాటం అని పేరు. ఆకలి వేస్తున్నా వద్దనిపించేది అదే. అప్పు ఇచ్చినవాడు నోరు విప్పి అడగలేకపోయేది దానివల్లే. రాలేమని తెలిసి కూడా పెళ్ళి పిలుపుకు ‘తప్పకుండా వస్తాం’ అనిపించేదీ అదే. జర్మన్‌లో దీనికి సరిగ్గా సరిపోయే మాట నాకు ఇంతవరకు దొరకలేదు.

మన పంక్తిలో ‘వద్దు’ అన్న మాటను చెవిన పెట్టకపోవడమే మర్యాద. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందులోంచి పప్పు వడ్డించే పెద్దమ్మలు మనకు ఉన్నారు. అక్కడ ఆ పని చేస్తే ఎదుటివారి మాటను తోసిపుచ్చినట్లు. ‘మీరు పెద్దవారు, మీ కడుపు సంగతి మీకు తెలుసు, వద్దన్నారు, ఆ మాటకు నేను విలువ ఇస్తున్నాను.’ ఆవిడ కత్తి కింద పెట్టడంలో ఉన్న అర్థం ఇది. నన్ను పట్టించుకోలేదనుకుని నేను ఆకలితో ఇల్లు చేరాను. నాకు ఇవ్వవలసిన గౌరవం ఇచ్చానని ఆవిడ అనుకున్నారు.

[దృశ్యం: సూపర్ మార్కెట్‌లో డబ్బు కట్టే బల్ల, కదిలే పట్టీ మీద సరుకులు]

కొత్తగా వెళ్ళినవారికి మొదటి దెబ్బ తగిలేది ఇక్కడ. బిల్లు వేసే మనిషి చెయ్యి యంత్రంలా కదులుతుంది. సరుకులు మనమే సర్దుకోవాలి, వెనుక వరస ఎదురుచూస్తూ ఉంటుంది. ముందున్నవారి సరుకులకూ మన సరుకులకూ మధ్య ఒక చిన్న కర్ర పెట్టాలి. పెట్టకపోతే ఎవరో ఒకరు పెడతారు, ఒక చూపు కూడా చూస్తారు. కానీ అదే వరసలో మీ చేతిలో ఒక్క పాల డబ్బానే ఉంటే, నిండు బండితో ముందు నిలబడ్డ మనిషి వెనక్కి తిరిగి “అంతేనా? మీరు ముందుకు వెళ్ళండి” అంటారు. ఇది నాకు ఎన్నోసార్లు జరిగింది. వారి లెక్కలో ఎదుటివారి సమయం తినకపోవడమే మర్యాద.

డాక్టరు దగ్గర వేచి ఉండే గది మరో వింత. తలుపు తీసుకుని లోపలికి వచ్చే ప్రతి మనిషీ అక్కడ కూర్చున్న ముక్కూ మొహం తెలియని వారందరినీ ఉద్దేశించి ‘గూటెన్ టాగ్’ అంటాడు. గది మొత్తం బదులు పలుకుతుంది. వెళ్ళేటప్పుడు ‘ఆఫ్ వీడర్‌జేన్’. మళ్ళీ చూసేదాకా అని దాని అర్థం. మనం ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్ళొస్తాను’ అంటాం కదా, అందులోనూ ఆ మళ్ళీ రావడమే ఉంది. ఆ గదిలోకి మనం మాట్లాడకుండా వచ్చి, ఫోను చూసుకుంటూ ఒక మూల కూర్చుంటే, ఆ రోజు మర్యాద తప్పింది మనమే.

ఇంకొక మాట. క్నిగ్గె అనే ప్రభువర్గపు రచయిత 1788లో, మనుషులతో ఎలా మెలగాలన్న విషయం మీద ఒక పుస్తకం రాశారు. భోజనాల బల్ల దగ్గర చెంచా ఎలా పట్టుకోవాలన్నది అందులోని విషయం కాదు. రకరకాల మనుషులతో, పెద్దలతో, అప్పులవాళ్ళతో, ఇరుగుపొరుగుతో ఎలా నడుచుకోవాలన్నది దాని సారం. ఈ రోజు జర్మన్‌లో ‘క్నిగ్గె’ అంటే మర్యాదల పుస్తకం అనే అర్థం స్థిరపడిపోయింది. మర్యాద పట్టని జనం ఒక మనిషి పేరును అలా మాటగా మార్చుకుంటారా?

[దృశ్యం: వీధి మూల గాజు సీసాలు వేసే డబ్బాలు. తెల్లవి, గోధుమ రంగువి, ఆకుపచ్చవి వేరువేరు]

ఇప్పుడు నాకు నిజంగా కోపం వచ్చిన రోజు గురించి. ఒక ఆదివారం సంచినిండా ఖాళీ సీసాలు తీసుకుని ఈ డబ్బాల దగ్గరకు వెళ్ళాను. మొదటి సీసా వేశాను. గాజు పగిలిన చప్పుడు వీధంతా వినిపించింది. మా కింది అంతస్తులో ఉండే పెద్దాయన కిటికీ తీసి మూడే మాటలు అన్నారు: “హొయ్‌టె ఇస్ట్ జోన్‌టాగ్.” ఈ రోజు ఆదివారం. పలకరింపు లేదు, ‘ఏమీ అనుకోకండి’ అనడం లేదు. కిటికీ మూసుకుంది.

సంచి పట్టుకుని వెనక్కి వస్తుంటే అవమానంతో చెవులు వేడెక్కాయి. మన ఊళ్ళో ఎదురింటివారికి మనవల్ల ఇబ్బంది కలిగితే మొహం మీద చెప్పరు. ఇంకొకరితో చెప్పిస్తారు, లేదా నాలుగు రోజులు ముభావంగా ఉంటారు. తప్పు ఏమిటో మనమే ఊహించుకోవాలి. ఈయన తప్పు ఏమిటో చెప్పి, ఆ క్షణంలోనే దాన్ని ముగించేశారు. మర్నాడు మెట్ల దగ్గర ఏమీ జరగనట్లే ‘గూటెన్ టాగ్’ అన్నారు. ఆయనకు నిజంగానే ఏమీ జరగలేదు.

ఆదివారం అక్కడ ఒట్టి సెలవు రోజు కాదు. ఆదివారాలు, పండగలు విశ్రాంతి దినాలుగా చట్టపు రక్షణలో ఉంటాయని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో 139వ అధికరణం చెప్పింది. 1949లో వచ్చిన ఇప్పటి రాజ్యాంగం తన 140వ అధికరణం ద్వారా దాన్ని అలాగే నిలుపుకుంది. అందుకే దుకాణాలు మూసి ఉంటాయి. గోడకు మేకు కొట్టినా, డ్రిల్లింగ్ యంత్రం తిప్పినా తలుపు తట్టేవారు ఉంటారు. మామూలు రోజుల్లోనూ రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్దం పాటించాలి. ఎర్ర దీపం ఉన్నప్పుడు రోడ్డు దాటితే 5 యూరోల జరిమానాయే, కానీ పక్కన చిన్న పిల్లలు ఉంటే ఎవరో ఒక ముసలావిడ గట్టిగా మందలిస్తారు. వీధిలోని పిల్లలందరూ తమ బాధ్యతే అనుకునే పెద్దలు మన పల్లెల్లోనూ ఉండేవారు.

[తెరపై: మాల్ = కాస్త]

అసలు చిక్కు భాషలో ఉంది. జర్మన్‌లో ‘మాల్’, ‘డొఖ్’ వంటి చిన్న మాటలు ఉన్నాయి. వాటికి విడిగా అర్థం చెప్పడం కష్టం, కానీ ఆజ్ఞను అభ్యర్థనగా మార్చేది అవే. మనకు ‘కాస్త’ ఉన్నట్లు. ‘తలుపు వెయ్యండి’ అనడానికీ ‘కాస్త ఆ తలుపు వేస్తారా’ అనడానికీ ఎంత తేడా! మనం ప్రతి వాక్యానికీ ‘దయచేసి’ తగిలించం, ‘కాస్త’తోనూ చివరి ‘అండీ’తోనూ పని జరుపుకుంటాం. జర్మన్‌కూ అంతే. ఆ మనిషే ఇంగ్లిష్‌లోకి మారితే, ఆ ‘మాల్’కు అక్కడ చోటు లేదు. మెత్తదనం జారిపోయి, వట్టి ఆజ్ఞ మిగులుతుంది. కొత్తగా జర్మన్ నేర్చుకున్న మనమూ ‘మాల్’ వదిలేసి మాట్లాడతాం, వారికి మనం కరకుగా వినిపిస్తాం.

హాంబర్గ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన భాషాశాస్త్రవేత్త యూలియానె హౌస్ జర్మన్, ఇంగ్లిష్ మాటతీరులను చాలా ఏళ్ళు పోల్చి చూశారు. జర్మన్ మాట్లాడేవారు ఎదుటి మనిషికి ఎలా ఉంటుందన్న దానికంటే చెప్పవలసిన విషయం మీదే ఎక్కువ దృష్టి పెడతారని, సూటిగా చెబుతారని ఆవిడ గమనించారు. ఆఫీసులో మీ పని చూసి ‘ఇది తప్పు’ అని ఒకే మాట అన్నప్పుడు ఇది గుర్తు చేసుకోండి. తప్పు అన్నది ఆ కాగితాన్ని.

ఇంత సూటిగా మాట్లాడేవారు ఒక్క చోట మాత్రం తియ్యని మాటల వెనుక దాక్కుంటారు. ఉద్యోగం మారే ప్రతి తెలుగువారూ ఇది తెలుసుకుని తీరాలి.

[తెరపై: పని పత్రం. ఒక్కొక్క వాక్యం, పక్కన మార్కు]

ఉద్యోగం వదిలేటప్పుడు పనితీరు గురించి రాతపూర్వకంగా పత్రం అడిగే హక్కు అక్కడి చట్టం ఇస్తుంది. ఆర్బైట్స్‌త్సొయిగ్నిస్ అంటారు. ఆ పత్రం నిజం చెప్పాలి, కానీ మనిషి భవిష్యత్తుకు అడ్డం పడకూడదని న్యాయస్థానాలు పట్టుబట్టాయి. ఈ రెండింటి మధ్య ఒక గుప్త భాష పుట్టింది. వారి బడుల్లో 1 అంటే అన్నిటికంటే మంచి మార్కు, 6 అంటే తప్పినట్లు. ‘ఎల్లప్పుడూ మాకు అత్యంత పూర్తి తృప్తి కలిగేలా పనిచేశారు’ అంటే 1. ‘ఎల్లప్పుడూ మాకు పూర్తి తృప్తి కలిగేలా’ అంటే 2. ‘ఎల్లప్పుడూ’ పోయి ‘పూర్తి తృప్తి కలిగేలా’ అంటే 3. ‘పూర్తి’ కూడా పోయి ‘తృప్తి కలిగేలా’ అంటే 4. ఇక ‘అప్పగించిన పనులు చెయ్యడానికి ప్రయత్నించారు’ అని రాస్తే, ఏ పనీ చేతకాలేదని అర్థం.

నాకు తెలిసిన ఒక అబ్బాయి ఆ చివరి వాక్యం ఉన్న పత్రాన్ని సంతోషంగా ఇంటికి పంపాడు. కష్టపడ్డాడని మెచ్చుకున్నారు అనుకున్నాడు. దానితోనే ఐదారు చోట్ల దరఖాస్తు పెట్టాడు, ఒక్కరూ పిలవలేదు. పత్రం అందగానే జర్మన్ బాగా తెలిసినవారి చేత చదివించుకోండి. సరిగా లేదనిపిస్తే మార్చమని అడగండి. మొహమాటపడకండి, అది మీ హక్కు.

[దృశ్యం: కెమెరాకు ఎదురుగా]

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. కరకుదనమంతా సంస్కృతి అని సర్దిచెప్పుకోవద్దు. సీసాల గురించి మా పొరుగాయన జర్మన్‌ను కూడా అలాగే మందలిస్తారు. అది నియమం గురించిన మాట. ఫోనులో మన పేరు వినగానే ‘ఇల్లు అద్దెకు ఇచ్చేశాం’ అని, మర్నాడు అదే ప్రకటన మళ్ళీ కనిపిస్తే, అది సూటిదనం కాదు, వివక్ష. దాని కోసమే 2006లో సమాన ఆదరణ చట్టం వచ్చింది, ఫిర్యాదు వినడానికి కేంద్ర వివక్ష నిరోధక కార్యాలయం ఉంది. ఎవరైనా తిడితే, అవమానించడం కూడా శిక్షాస్మృతి 185వ సెక్షన్ కింద నేరమే. కారు నడుపుతూ మధ్య వేలు చూపించినందుకు జరిమానా కట్టినవారు అక్కడ ఉన్నారు. జర్మన్లు ఇంతేలే అని తల వంచుకుని పోవద్దు.

[తెరపై: జీ / డూ]

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమని తోచినది. వారికీ మనలాగే మీరు, నువ్వు ఉన్నాయి: ‘జీ’, ‘డూ’. ఇంకేం, సులువే అనుకున్నాను. కాదు. మన ‘మీరు’ పైకి ఎక్కుతుంది, ‘నువ్వు’ కిందికి దిగుతుంది. పెద్దాయనను మీరు అంటాం, ఆయన మనల్ని నువ్వు అంటారు. ఆఫీసరును మీరు అంటాం, టీ తెచ్చిన మనిషి మన తండ్రి వయసువాడైనా నువ్వు అనేస్తాం. జర్మన్ ‘జీ’ అడ్డంగా నడుస్తుంది. పరిచయం లేని పెద్దవారు ఇద్దరు కలిస్తే ఇద్దరూ ‘జీ’. మా ఆఫీసులో నేల తుడిచే ఆవిడను డైరెక్టరు ఇంటిపేరుతో, ముందు మన ‘శ్రీమతి’ లాంటి ‘ఫ్రౌ’ చేర్చి, ‘జీ’ అని పిలుస్తారు. ఆవిడా ఆయనను అలాగే పిలుస్తారు. పై తరగతులకు వచ్చాక, 16 ఏళ్ళ ప్రాంతంలో, పిల్లలను కూడా ఉపాధ్యాయులు ‘జీ’ అనడం మొదలుపెడతారు. ఆవిడను ‘ఫ్రౌ’ అని పిలవడం విన్న రోజు, మా ఇంట్లో పదేళ్ళు అంట్లు తోమిన మనిషిని నేను చిన్నప్పటి నుంచి ఎలా పిలిచానో గుర్తుకు వచ్చింది. ఇప్పటికీ గుర్తుకు వస్తుంది.

‘జీ’ నుంచి ‘డూ’కు మారాలంటే పెద్దవారే ముందు అడగాలి. ఈ రోజుల్లో చాలా ఐటీ సంస్థల్లో మొదటి రోజు నుంచే డూ. కానీ ఇరుగుపొరుగులో అది ఏళ్ళు పట్టే వ్యవహారం.

[దృశ్యం: పాత భవనం మెట్లు, తలుపు దగ్గర అట్టపెట్టె]

సీసాల పెద్దాయన సంగతికి వస్తాను. నేను ఇంట్లో లేనప్పుడు వచ్చిన పార్సిళ్ళన్నీ ఆయనే తీసుకుని ఉంచేవారు. నేను అడగలేదు, ఉంచమని చెప్పనూ లేదు. సాయంత్రం తలుపు తడితే పెట్టె ఇచ్చి, ‘మంచి సాయంత్రం’ అని తలుపు వేసేవారు. ఒకసారి అమ్మ పంపిన ఆవకాయ కొంచెం కారి, అట్ట ఎర్రబడింది. కింద పాత వార్తాపత్రిక పరిచి, పెట్టెను దాని మీద నిలబెట్టి ఉంచారు. ఒక్క మాట కూడా అనలేదు.

మూడో సంవత్సరం, డిసెంబరులో, మెట్ల మీద ఎదురుపడి ఆగారు. చెయ్యి చాచి, తన పేరు చెప్పారు. ఇంటిపేరు కాదు, సొంత పేరు. ఇక మీదట డూ అనుకుందాం అన్నారు. ఆయనకు డెబ్బై దాటాయి. మా తాతగారి కంటే అయిదారేళ్ళు చిన్న, అంతే. ఆ వయసు మనిషిని పేరు పెట్టి, నువ్వు అని పిలవాలి. పిలవకపోతే ఆయన చాచిన చెయ్యిని తోసేసినట్లు.

పిలుస్తున్నాను. ప్రతిసారీ ‘డూ’ అనబోయే ముందు నా నోరు ఒక్క క్షణం ఆగుతుంది. ఆయన ఆ క్షణాన్ని గమనించారు, అది ఎందుకని ఒక రోజు అడిగారు. ‘గారు’ అంటే ఏమిటో ఆ సాయంత్రం వాళ్ళ వంటింట్లో కూర్చుని చాలాసేపు చెప్పాను. వెళ్తూ ఉంటే, కేకు ఇంకో ముక్క కావాలా అని అడిగారు. యా, గెర్నె అన్నాను.