రోమ్ పొగ గ్రీన్‌లాండ్ మంచులో ఎలా దొరికింది?

"రోమ్ ఎందుకు పతనమైందో సైన్స్ తేల్చేసింది!" ఈ హెడ్డింగ్ చూసినప్పుడల్లా నాకు చిరాకొస్తుంది. ఎందుకో చెప్తాను.

పాత ఇళ్లలో కట్టెల పొయ్యి ఉన్న వంటిల్లు గుర్తుందా? గోడంతా మసి. దాన్ని పొరలు పొరలుగా గీకి చూడగలిగితే ఏ ఏడు ఎంత వంట జరిగిందో తెలిసిపోయేది. రోమ్ వంటింటి గోడ గ్రీన్‌లాండ్‌లో ఉంది.

రోమన్ల దెనారియస్ వెండి నాణెం. ఆ వెండిలో చాలా భాగం సీసపు ఖనిజం నుంచే వచ్చేది. స్పెయిన్ గనుల దగ్గర ఖనిజాన్ని కరిగించి సీసాన్ని వేరుచేస్తే చివరికి కాస్త వెండి మిగిలేది. పొగలోని సీసం గాలికి కొట్టుకుపోయి గ్రీన్‌లాండ్ మంచు మీద పడింది. దాని మీద మళ్లీ మంచు కురిసింది. ఏ ఏటి మసి ఆ ఏటి పొరలోనే భద్రంగా ఉంది.

2018లో అమెరికాలోని డెజర్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ మంచు శాస్త్రవేత్తలు, ఆక్స్‌ఫర్డ్ పురావస్తు పరిశోధకులు, మరికొందరు కలిసి క్రీ.పూ. 1100 నుంచి క్రీ.శ. 800 వరకు ఆ పొరల్లో 21,000కు పైగా సీసం కొలతలు తీశారు. సగటున ఏడాదికి పదికి పైగా! నాకైతే ఒళ్లు పులకరించింది.

క్రీ.శ. మొదటి రెండు శతాబ్దాల్లో మసి దట్టంగా ఉంది. 165లో ఆంటొనైన్ మహమ్మారి మొదలయ్యాక పొయ్యిలో పిల్లి లేవలేదన్నట్టే అయింది. మళ్లీ 500 ఏళ్లకు పైగా మసి ఆ స్థాయికి రాలేదు.

అయితే పొయ్యి ఎప్పుడు ఆరిందో గోడ చెప్తుంది, ఎందుకు ఆరిందో చెప్పదు. ఇంట్లో చావు జరిగిందా, కట్టెలు అయిపోయాయా, ఊళ్లో గొడవలా? అది అమ్మమ్మనే అడగాలి. ఇక్కడ అమ్మమ్మ అంటే చరిత్రకారులు. వైద్యుడు గాలెన్ రాసిన రోగ లక్షణాలు చదివేది వాళ్లే. నాణేల్లో వెండి పాలు తగ్గడం, 170ల్లో దక్షిణ స్పెయిన్ మీద ఉత్తర ఆఫ్రికా మూర్ల దాడులు, ఇవన్నీ కలిపి చూసేదీ వాళ్లే.

అన్నట్టు, మన నల్గొండ జిల్లా అక్కెనపల్లిలోనూ రోమన్ దెనారియస్‌లు దొరికాయి. అలాంటి వెండి మనదాకా వచ్చింది, దాని పొగ గ్రీన్‌లాండ్ చేరింది!

టైమ్ అయిపోతోంది, ఇంకొక్కటి గబగబా చెప్పేస్తాను. రోమ్ నేత జూలియస్ సీజర్ హత్య క్రీ.పూ. 44లో. మరుసటి ఏడే అలాస్కాలో ఒక్మోక్ అగ్నిపర్వతం పేలింది. దాని బూడిద రేణువులు కూడా గ్రీన్‌లాండ్ మంచులోనే దొరికాయి. ఆ ఏళ్లలో చలి, కరువు, పొంగని నైలు. అలాగని రోమన్ రిపబ్లిక్‌ను, అంటే చక్రవర్తులు రాకముందటి పాలనను, అగ్నిపర్వతమే కూల్చిందని మాత్రం రాయకండి. అది పేలేనాటికే రోమన్లు ఏళ్ల తరబడి తమలో తాము కొట్టుకుంటున్నారు.