దొండకాయ అనుకుని టిండా కొన్నారా? అమెరికాలో మన కూరగాయల పేర్లు

నమస్తే అండీ. ఇవాళ వంట లేదు, పొయ్యి వెలిగించట్లేదు. ఈ బల్ల మీద పరిచినవన్నీ నిన్న మూడు షాపులు తిరిగి తెచ్చిన కూరగాయలు. వీటిని ఇక్కడ అమెరికాలో ఏ పేరుతో అమ్ముతున్నారో, మనం ఎక్కడ బోల్తా పడతామో చూపిస్తాను.

మా పిన్ని కూతురు ఎమ్మెస్ చదవడానికి వచ్చి ఇంకా నెల కాలేదు. మొన్న ఫోన్ చేసి, "అక్కా, ఇక్కడి కొత్తిమీరకి వాసనే లేదు, పచ్చడి చేస్తే గడ్డి నమిలినట్టుంది" అంది. కట్ట ఏదీ చూపించవే అన్నాను. వీడియోలో చూపించింది. పార్స్‌లీ! చూడ్డానికి కొత్తిమీర లాగే ఉండే వేరే ఆకు.

దాని తప్పేం లేదు లెండి. ఇదిగో, రెండు కట్టలూ పక్కపక్కన పెడుతున్నా, దగ్గరగా చూడండి. ఇది కొత్తిమీర. ఆకు పలచగా, అంచులు గుండ్రంగా ఉన్నాయి, పట్టుకుంటే మెత్తగా వాలిపోతోంది. ఇది పార్స్‌లీ. రంగు కాస్త ముదురు, ఆకు కొసలు మొనదేలి ఉన్నాయి, కాడ బిరుసు. షాపులో ఆకుకూరల మీద మాటిమాటికీ నీళ్ళు చల్లుతుంటారు, అందుకని ఊరికే ముక్కు దగ్గర పెట్టుకుంటే తేడా తెలియదు. ఒక్క ఆకు వేళ్ళ మధ్య నలిపి చూడండి, అంతే.

ఇక పేరు. అమెరికాలో కొత్తిమీరని సిలాంట్రో అంటారు. అది స్పానిష్ మాట, మెక్సికన్ వంటతో పాటు వచ్చింది. కొరియాండర్ అని అడిగారనుకోండి, మసాలాల వరసలోకి తీసుకెళ్ళి ధనియాల సీసా చేతిలో పెడతారు. బ్రిటన్‌లో ఆ గొడవ లేదు, ఆకుకీ గింజకీ కొరియాండర్ అనే పేరే.

రెండోది వంకాయ. బిల్లింగ్ మనమే చేసుకునే మెషీన్ దగ్గర నిలబడి బ్రింజాల్ అని కొట్టాను, నేను వచ్చిన కొత్తలో. ఏమీ రాలేదు. స్పెల్లింగ్ మార్చి కొట్టాను. వెనకాల లైను పెరుగుతోంది, నాకు టెన్షన్. చివరికి వంకాయలు అక్కడే వదిలేసి వచ్చాను. ఇక్కడ దాని పేరు ఎగ్‌ప్లాంట్. బ్రిటన్‌లో ఓబర్జీన్. తమాషా ఏమిటంటే, బ్రింజాల్, ఓబర్జీన్ రెండూ బాదింజాన్ అనే అరబ్బీ మాట నుంచి వచ్చినవే. బ్రింజాల్ మనకి పోర్చుగీసు వాళ్ళ ద్వారా చేరింది. మామూలు సూపర్ మార్కెట్లో దొరికే ఈ బొండాం లాంటి వంకాయ కాల్చి పచ్చడి చేయడానికి బాగుంటుంది. గుత్తివంకాయకి మాత్రం ఇండియన్ ఎగ్‌ప్లాంట్ అని వెతకండి.

అన్నట్టు, పేరు గుర్తు రాకపోతే కాయ మీదో కట్ట మీదో చిన్న స్టిక్కరు ఉంటుంది, చూడండి. దాని మీద నాలుగంకెల నంబరు. అరటిపండుకి 4011, సిలాంట్రోకి 4889, అలా. అది కొడితే సరిపోతుంది. ముందు 9 చేరి అయిదంకెలుంటే ఆర్గానిక్.

కొన్ని గబగబా చెప్పేస్తాను. బెండకాయ ఓక్రా. క్యాప్సికం బెల్ పెప్పర్. బీట్‌రూట్ బీట్స్. డ్రమ్‌స్టిక్ అని అడిగితే కోడి కాళ్ళే. మునక్కాయలు కావాలంటే ఇండియన్ స్టోర్లో ఫ్రీజర్ వెతుక్కోవాలి.

ఇండియన్ స్టోర్‌కి వెళ్తే బాధ తీరుతుందనుకుంటాం కదా? నేను మోసపోయింది అక్కడే ఎక్కువ. అక్కడి బోర్డుల మీద సగం పేర్లు హిందీ, సగం గుజరాతీ. చాలా చోట్ల ముందుగా షాపులు పెట్టింది గుజరాతీలు మరి. బ్రిటన్‌లో అయితే, 1972లో నియంత ఈదీ అమీన్ ఉగాండా నుంచి మనవాళ్ళని వెళ్ళగొట్టినప్పుడు అక్కడికి చేరిన వేల కుటుంబాల్లో గుజరాతీలే ఎక్కువ. మన సాఫ్ట్‌వేర్ జనం దిగేసరికే దుకాణాల్లో పేర్లు స్థిరపడిపోయాయి.

అందుకే ఇది చూడండి. దొండకాయ. దీని పేరు టిండోరా. ఇది టిండా. గుండ్రంగా, లేత ఆకుపచ్చగా, చిన్న యాపిల్ అంత. దొండకాయకీ దీనికీ పోలికే లేదు. కానీ ఫోన్లో ఆర్డర్ పెట్టేటప్పుడు టి, ఐ, ఎన్, డి వరకూ కొట్టగానే వచ్చిన మొదటి పేరు నొక్కేశాను. వేపుడు చేద్దామని సంచి విప్పితే ఇవి. మా వారు ఒకటి చేతిలోకి తీసుకుని, "దొండకాయకి వాపు వచ్చిందా?" అన్నారు.

సొరకాయకి దూదీ అని గానీ లౌకీ అని గానీ రాస్తారు. చైనా వాళ్ళ షాపులో ఓపో. గోరుచిక్కుడు గువార్. చిక్కుళ్ళకి పాప్డీ, వాలోర్ అని ఉంటుంది. బీరకాయ తురియా, లేదా తురై. ఇక్కడ ఇంకో చిక్కుంది. చైనా షాపుల్లో బీరకాయకి చైనీస్ ఓక్రా అని పేరు. బెండకాయలకోసం ఆన్‌లైన్‌లో ఓక్రా అని వెతికిన వాళ్ళకి బీరకాయలు వచ్చాయంటే మరి రావూ?

తోటకూర ఇండియన్ స్టోర్లో లేకపోతే అదే చైనా షాపులో యిన్ చోయ్ అని అడగండి. ఆకు మధ్యలో ఎర్రగా ఉంటుంది, పప్పులోకి శుభ్రంగా పనికొస్తుంది.

గోంగూర సంగతి కాస్త చెప్పాలి. మా వారిది కరీంనగర్, ఆయనకి అది పుంటికూర. నాది గుంటూరు. ఇంట్లోనే రెండు పేర్లున్నప్పుడు అమెరికా వాడిని ఏమంటాం. డిక్షనరీలో చూస్తే సారెల్ అని ఉంటుంది. ఆ పేరుతో సూపర్ మార్కెట్లో దొరికేది యూరప్ మొక్క, వేరే జాతి. పులుపైతే ఉంటుంది గానీ, వేడి తగలగానే కరిగి బురద రంగు ముద్దయిపోతుంది. పప్పులో ఫర్వాలేదు. పచ్చడికి మాత్రం నేనొప్పుకోను. అసలు గోంగూర కావాలంటే అంబాడీ అన్న పేరు చూడండి. మీ ఊళ్ళో బర్మా వాళ్ళ దుకాణం ఉంటే ఇంకా మంచిది. వాళ్ళూ మనంత ఇష్టంగా తింటారు, చిన్ బాంగ్ అంటారు.

నా అన్నిటికంటే పెద్ద ఘనకార్యం కంద. కంద బచ్చలి కూర చేద్దామని యామ్ అని రాసి ఉన్న దుంపలు కొన్నాను. తొక్క తీస్తే లోపల నారింజ రంగు. అప్పుడైనా అనుమానం రావాలి కదా, రాలేదు. ఉడికించి, చింతపండు పోసి, ఆవ కూడా పెట్టాను. నోట్లో పెట్టుకుంటే తియ్యగా ఉంది. ఇక్కడ చిలగడదుంపని కూడా యామ్ అని అమ్ముతారని ఆ రోజే తెలిసింది. మన కంద ఫ్రీజర్‌లో ముక్కలుగా దొరుకుతుంది, పేరు సూరన్.

జర్మనీ, ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్ళు నన్ను తిట్టుకోకండి, మీకూ ఒక దారుంది. తెలుగు వికీపీడియాలో వంకాయ పేజీ తెరవండి. భాషల జాబితాలో మీరున్న దేశపు భాష నొక్కితే ఆ పేజీ శీర్షికే షాపులో అడగాల్సిన పేరు. అనువాదం యాప్ కంటే నాకు ఇదే నమ్మకం. ఫోటో ఎలాగూ ఉంటుంది, షాపతనికి అది చూపించినా పనైపోతుంది.

సరే, వీడియో కోసమని కావాలని కొన్న ఈ అరకిలో టిండాలు మిగిలాయి. పక్కింటి పంజాబీ ఆవిడ నాలుగు గాట్లు పెట్టి మసాలా కూరి వండమంది. అచ్చం గుత్తివంకాయ లాగే అన్నమాట. మీలో ఎవరైనా మన పద్ధతిలో చేసి ఉంటే కింద రాయండి, రేపటిదాకా ఫ్రిజ్‌లోనే ఉంచుతాను.