పెనం మీద విడిపోని చికెన్ కట్లెట్

(తెర మీద: మూకుడులో ముక్కలైపోయిన కట్లెట్, పక్కనే నిండుగా వేగిన మరొకటి.)

నమస్కారం. కట్లెట్ విడిపోతోందంటే చాలామంది ఇంకో గుడ్డు కొట్టి పోస్తారు, లేదంటే మరో గుప్పెడు రస్కు పొడి కలుపుతారు. గుడ్డు పోస్తే ముద్ద మరింత పలచబడుతుంది, పొడి కలిపితే చికెన్ రుచి వెనక్కి పోతుంది. అసలు చిక్కు నీటితో ఉంది. కైమాలోని తడి, ఉల్లిపాయలోని నీరు, ఉడికించిన కాయలోని చెమ్మ వేడికి ఆవిరై బయటికి వస్తూ ముద్దను చీలుస్తాయి. అందుకే ఈ వీడియోలో మసాలా గురించి తక్కువ, నీటి గురించి ఎక్కువ చెప్పుకుందాం.

(తెర మీద: చికెన్ ముక్కలు, మిక్సీ గిన్నె.)

ఎముక లేని చికెన్ అరకిలో తీసుకోండి. అందులో సగమైనా తొడ మాంసం ఉండాలి. రొమ్ము మాంసంలో కొవ్వు తక్కువ కనుక, దానితోనే చేస్తే కట్లెట్ వేగేసరికి ఎండిపోయి పీచు పీచుగా అవుతుంది. దుకాణంలోనే కైమా కొట్టించుకోవచ్చు. ఇంట్లో చేసుకునేవారు ముక్కల తడిని శుభ్రంగా అద్ది, అరగంట ఫ్రీజర్‌లో ఉంచి, మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. చల్లగా ఉన్న మాంసం పలుకుగా తెగుతుంది, వెచ్చబడినది జిగురు ముద్దవుతుంది. కైమా అయ్యాక మాత్రం కడగవద్దు. కడిగినంత మాత్రాన సూక్ష్మజీవులు పోవు, తుంపరలతో సింకు చుట్టూ పడతాయి. పైగా కైమా నీరంతా పీల్చుకుంటుంది.

(తెర మీద: తొక్కతో ఉడికిన అరటికాయ ముక్కలు.)

కట్లెట్ అనగానే అందరూ బంగాళాదుంప వాడతారు. గోదావరి డెల్టాలో ఉన్న మనకు కూర అరటికాయ అంతకంటే దగ్గరిది, నా దృష్టిలో ఈ పనికి అంతకంటే మంచిది కూడా. రావులపాలెం మార్కెట్ నుంచి వచ్చే గెలల్లో బొంత అరటికాయ దొరికితే ఒకటి చాలు. దానిని తొక్కతోనే రెండు ముక్కలు చేసి, మెత్తబడే వరకు ఆవిరి మీద ఉడికించి, పూర్తిగా ఆరనిచ్చి తొక్క తీసి తురమండి. నీళ్లలో వేసి ఉడికిస్తే అది తాగిన నీరంతా మళ్లీ మూకుడులోనే బయటపడుతుంది.

సన్నగా తరిగిన ఒక ఉల్లిపాయకు చిటికెడు ఉప్పు పట్టించి పది నిమిషాలు వదిలేసి, గుప్పిట్లో గట్టిగా పిండండి. గిన్నెలోకి ఎంత నీరు దిగిందో దగ్గరగా చూడండి. ఆ నీరు ముద్దలో ఉండిపోతే కట్లెట్ నిలవదు.

ఇప్పుడు కైమాలో టీ చెంచా ఉప్పు వేసి, ఇంకేమీ కలపకుండా, రెండు మూడు నిమిషాలు ఒకే దిశలో పిసకాలి. ఉప్పు తగిలి మాంసంలోని మాంసకృత్తులు కరిగి పైకి వచ్చి జిగురవుతాయి. కట్లెట్‌ను పట్టి ఉంచేది ఆ జిగురే. కాస్త ముద్దను అరచేతికి అద్ది చేతిని బోర్లించినా జారకుండా ఉంటే సరిపోయిందన్నమాట. ఆ తరువాతే అరటికాయ తురుము, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద, మిరియాల పొడి, గరం మసాలా, కొత్తిమీర వేసి కలపండి. చేతికి నూనె రాసుకుని, ఒకటిన్నర సెంటీమీటరు మందాన బిళ్లలుగా అద్ది, అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి.

(తెర మీద: గుడ్డు సొన, రస్కు పొడి పళ్లెం.)

బిళ్లను గిలక్కొట్టిన గుడ్డులో ముంచి రస్కు పొడిలో దొర్లించాలి. శ్రావణం వస్తే చాలా ఇళ్లలో మాంసం వండరు కనుక, ఆషాఢం ముసురులోనే ఈ వంట ఎక్కువగా సాగుతుంది. ఆ రోజుల్లో డబ్బాలోని రస్కు పొడి కూడా మెత్తబడి ఉంటుంది కాబట్టి, వట్టి మూకుడులో కాస్త వేయించి చల్లార్చాకే వాడండి.

మూకుడులో అర సెంటీమీటరు ఎత్తున నూనె పోసి, పొడి చిటికెడు వేస్తే వెంటనే నురగ కట్టేంత కాగాక బిళ్లలను విడివిడిగా వేయండి. మధ్యస్థపు మంట మీద ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు పడుతుంది. అడుగు గట్టిపడే వరకు అట్లకాడ పెట్టవద్దు.

ముక్కలో అయితే సూక్ష్మజీవులు ఎక్కువగా పైభాగానే ఉంటాయి. కైమా కొట్టినప్పుడు అవి లోపలంతా కలిసిపోతాయి. అందువల్ల కట్లెట్ నడిమధ్యకు 74 డిగ్రీల సెల్సియస్ వేడి చేరాలి. థర్మామీటర్ లేకపోతే మొదటి కట్లెట్‌ను విరిచి చూడండి. మసాలా రంగు పచ్చిదనాన్ని దాచేస్తుంది కాబట్టి రంగునే నమ్ముకోకుండా, లోపల పొగలు కక్కుతూ, ఎక్కడా జిగురు లేకుండా గట్టిపడిందో లేదో గమనించండి.

మిగిలిన పచ్చి బిళ్లలను ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పేర్చి, ఫ్రీజర్‌లో గడ్డకట్టాక డబ్బాలో వేసుకోవచ్చు. తుఫాను రోజుల్లో కరెంటు పోయి అవి కరగడం మొదలైతే, చల్లదనం ఉండగానే అన్నీ వేయించేయండి. వెచ్చబడిపోయిన వాటిని మాత్రం పారేయండి.