డెల్టాలో మరుగుదొడ్డి గుంట నేలకు పైనే ఉండాలి

సభకు నమస్కారం.

మానవ వ్యర్థాలను ఎరువుగా మార్చే విషయం గోదావరి డెల్టాలో మాట్లాడాలంటే ముందు నేల కింది నీటి గురించి మాట్లాడాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి మన సేద్యం కాలువల మీద నడుస్తోంది. సార్వాకూ దాళ్వాకూ పొలాల్లో నీరు నిలిచే ఊళ్లలో, కొద్ది అడుగులు తవ్వగానే ఊట పడటం వింత కాదు. రెండు గుంటల మరుగుదొడ్డి మన దేశంలో ఎన్నో ప్రాంతాలకు మేలు చేసింది. ఒక గుంట నిండాక మూసి రెండోది వాడుకుంటే, ఒకటి రెండేళ్లలో మొదటి గుంటలోని మలం దుర్వాసన లేని మట్టిలా మారుతుంది. అయితే గుంట అడుగుకూ నీటిమట్టానికీ మధ్య దాదాపు 2 మీటర్ల పొడి నేల ఉన్నప్పుడే అది సురక్షితం. మన దగ్గర వరలు దించి కట్టిన గుంట వానాకాలంలో ఊటనీటితో నిండిపోతుంది. అందులోని మలం కుళ్లి మట్టి కావడానికి బదులు, చేతిపంపు నీటిలో కలుస్తుంది.

సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇళ్లలోనూ పరిస్థితి అంత మెరుగ్గా లేదు. కాలువ గట్టున ఉన్న ఇంటి వెనక గోడలోంచి నాలుగంగుళాల పీవీసీ గొట్టం ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. దాని కింద గట్టు నల్లగా, జారుడుగా ఉంటుంది. కాస్త దూరంలో రేవు మెట్ల మీద గిన్నెలు తోముతుంటారు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీటి చెరువును నింపుకునేది కూడా ఆ నీటితోనే.

ఈ విధంగా పారబోస్తున్న దానిలో పంటకు కావలసిన బలం ఎంతుందో చూద్దాం. మన ఆహారపు అలవాట్లతో ఒక మనిషి నుంచి ఏటా సుమారు 2.5 నుంచి 3 కిలోల నత్రజని బయటికి వస్తుందని అంచనా. అయిదుగురున్న ఇంట్లో అది 45 కిలోల యూరియా బస్తాలో సగానికి పైగా నత్రజనితో సమానం. అందులో అయిదింట నాలుగు వంతులకు పైగా ఉండేది మూత్రంలోనే. దీనితో ఎరువుల కొట్టుకు వెళ్లే అవసరం తీరిపోతుందని నేను చెప్పను. కానీ ఏళ్ల తరబడి రసాయన ఎరువుల మీదే నడిచిన పొలానికి నత్రజని ఒక్కటే చాలదు, కుళ్లిన సేంద్రియ పదార్థమూ కావాలి.

డెల్టాకు ఉన్న అసలు అనుకూలత ఇక్కడే ఉంది. కంపోస్టు బాగా మాగాలంటే ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్లు కర్బనం ఉండాలి. మలమూత్రాల్లో నత్రజని ఎక్కువ, కర్బనం తక్కువ. వరిగడ్డిలోనూ, కొబ్బరి డొక్కల నుంచి పీచు తీయగా మిగిలే పొట్టులోనూ కర్బనం దండిగా ఉంటుంది, నత్రజని చాలా తక్కువ. మిషను కోత తరువాత చేలో మిగిలే గడ్డిని తగలబెడుతున్నాం, పీచు మిల్లుల దగ్గర పొట్టు గుట్టలు పడి ఉంటోంది. విడిగా చూస్తే ఇటు మలమూత్రాలూ, అటు గడ్డీ పొట్టూ ఊరికి బరువే. కలిపి, తడి చూసుకుంటూ, గాలి ఆడేలా కుప్ప వేస్తే లోపల వేడి 50 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి కుప్పలో అన్ని వైపులకూ అందేలా తిరగవేస్తూ వారం రోజులకు పైగా నిలబెడితే ఏలికపాము గుడ్లతో సహా రోగకారకాలు నశిస్తాయి. కొబ్బరి పొట్టు మాత్రం గడ్డి కన్నా చాలా నెమ్మదిగా కుళ్లుతుంది కనుక దానికి ఓపిక పట్టాలి.

కట్టడం విషయంలో కావేరి తీరం మనకు దారి చూపింది. తిరుచిరాపల్లి జిల్లా ముసిరిలోనూ భూగర్భ జలం పైనే ఉంటుంది. అక్కడ నేలకు పైన సిమెంటు గదులు కట్టి, మూత్రం ఒక దారిన, మలం ఒక దారిన విడివిడిగా పోయే మరుగుదొడ్లు నిర్మించారు. మలం మీద బూడిద చల్లుతారు. గది నిండాక మూసి, రెండో గదిని వాడుకుంటారు. రావులపాలెం చుట్టుపక్కల లంకల్లో అరటి పండించే మన రైతులు ఈ పద్ధతిని శ్రద్ధగా పరిశీలించాలని నా కోరిక, ఎందుకంటే అరటి నత్రజనిని విపరీతంగా తీసుకునే పంట. వరదకు మునిగే లంకల్లో ఆ గదుల అరుగు వరద మట్టానికి పైన ఉండాలి. ఆ ఖర్చుకు వెనకాడితే మొత్తం శ్రమ ఏట్లో కలుస్తుంది.

ఇక చేతుల సంగతి. పూర్తిగా కుళ్లని మలాన్ని మనిషి చేత ఎత్తించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. తరతరాలుగా ఆ పనిని కొన్ని కులాల నెత్తిన పెట్టిన సమాజం మనది. కాబట్టి ఎరువు పేరుతో ఆ పని మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లే ఏర్పాటును, అది ఎంత లాభసాటిదైనా, నేను ఒప్పుకోను. గదిని మూసిన తేదీ గోడ మీద రాసి ఉండాలి, కనీసం ఏడాది నిండకుండా తెరవకూడదు. తెరిచే రోజున ఇంటివారే చేతి తొడుగులు, బూట్లు వేసుకుని తీయాలి. ఇప్పటికే సెప్టిక్ ట్యాంకులున్న ఇళ్ల బురదను యంత్రంతోనే తోడి, శుద్ధి కేంద్రానికి చేర్చాలి. నరసాపురంలో అటువంటి కేంద్రం ఉంది. ప్రతి మండలానికీ అందే దూరంలో అవి ఏర్పడే వరకు, ట్యాంకరు ఎక్కడ తోడిందో, ఎక్కడ దింపిందో పంచాయతీ పుస్తకంలో నమోదు చేయించి, రాత్రివేళ మురుగు కోడులో పారబోసిన బండికి ఆ ఊళ్లో మళ్లీ పని ఇవ్వకూడదని పంచాయతీలు తీర్మానం చేయాలి.