అదిలించకపోతే నిలదొక్కుకున్న గుండె

శ్రోతలందరికీ నమస్కారం. "మా నాన్నగారికి గుండె పంపింగ్ తగ్గిందన్నారండీ." ఈ మాట చాలా ఇళ్లలో వింటున్నాం. అంటే గుండె ఆగలేదు, రక్తాన్ని తోసే బలం తగ్గింది. ఆయాసం, పాదాల వాపు... అవన్నీ మీరెరిగినవే. నాకు బాగా ఇష్టమైన ఒక కథ చెబుతాను.

స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ నగరం, 1970ల నాటి మాట. ఫిన్ వాగ్‌స్టైన్ అనే డాక్టరు, ఆయన సహచరులు గుండె కండరం బాగా దెబ్బతిన్న ఏడుగురికి బీటా బ్లాకర్ మందు ఇచ్చారు. అది గుండె వేగాన్ని తగ్గించే మందు. అసలే నీరసించిన గుండె, దాన్ని ఇంకా తగ్గిస్తారా? ఇలాంటివాళ్లకు ఆ మందు ఇవ్వకూడదనే అప్పటి వైద్యులు అనుకునేవారు. అయితే ఆ ఏడుగురికీ ఊరికే కూర్చున్నా గుండె వేగంగానే కొట్టుకునేది. బలం తగ్గిన గుండెను శరీరం అడ్రినలిన్ అనే హార్మోన్‌తో అదిలిస్తూనే ఉంటుంది, అలసిన ఎద్దును ముల్లుగర్రతో పొడిచినట్టు. బీటా బ్లాకర్ ఆ అదిలింపును అడ్డుకుంటుంది. అంటే ఆ కర్ర పక్కన పెట్టారు, అంతే. రోగుల్లో ఓపిక పెరిగింది, ఉబ్బిన గుండె సైజు తగ్గింది. 1975లో ఈ సంగతి ప్రచురించారు.

వెంటనే నమ్మినవాళ్లు తక్కువ. ఏడుగురే కదా! నన్నడిగితే ఆ అనుమానం న్యాయమే. 1989లో అమెరికాలో ఏం జరిగిందో చూడండి. గుండెపోటు వచ్చినవాళ్లలో లయ తప్పిన స్పందనలను అణిచే వేరే మందులు పరీక్షించారు. ఈసీజీ చక్కబడింది. కానీ మందు వేసుకున్న 730 మందిలో 56 మంది చనిపోయారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 725 మందిలో 22 మందే. ఈసీజీ బాగుపడినంత మాత్రాన మనిషి బతుకుతాడని లేదన్నమాట.

మనిషి బతుకుతాడా లేదా అన్న ఆ పరీక్షకూ బీటా బ్లాకర్ నిలబడింది. 1999లో గుండె బలం తగ్గిన ఇంచుమించు నాలుగు వేల మంది మీద మెటోప్రొలాల్ అనే బీటా బ్లాకర్ పరీక్షిస్తే మరణాలు మూడో వంతు తగ్గాయి, హఠాన్మరణాలు 41 శాతం తగ్గాయి.

ఇక మనకు పనికొచ్చే మాట. ఈ మందు చాలా తక్కువ డోసుతో మొదలుపెట్టి, వారాల తరబడి మెల్లగా పెంచుతారు. మొదట్లో నీరసంగా ఉండొచ్చు. "ఈ మాత్ర నాకు పడట్లేదు" అని చాలామంది మానేస్తారు. డాక్టరుకు చెప్పకుండా మానకండి. మళ్లీ చెబుతున్నాను, చెప్పకుండా మానకండి. రోజూ పొద్దున్నే, టిఫిన్‌కు ముందు, బరువు చూసుకుని క్యాలెండర్ మీదే రాసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగిందా? అది తిండి వల్ల కాదు, ఒంట్లో చేరిన నీరు కావచ్చు. వచ్చే చెకప్ దాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి.