ఎక్స్‌రే నార్మల్ అన్నారు... మరి మోకాలి గుజ్జు సంగతేంటి?

[తెర మీద: కబడ్డీ కోర్టు. రెయిడ్‌కి వెళ్లిన కుర్రాడు తప్పించుకోబోయి గిర్రున తిరుగుతాడు. దృశ్యం అక్కడే ఆగుతుంది.]

పాదం నేలకి అతుక్కుంది, ఒళ్లు మాత్రం తిరిగింది. లోపల టప్‌మని చప్పుడు. సాయంత్రానికి మోకాలు బూరెలా వాచింది. ఎక్స్‌రే తీసి "ఎముక విరగలేదు, నార్మల్" అన్నారు. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకున్నారు.

అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఎక్స్‌రేకి గుజ్జు కనపడదు. ఫిల్మ్‌లో రెండెముకల మధ్య నల్లగా ఖాళీ ఉన్నట్టుంటుందే, గుజ్జు ఉండేది అక్కడే.

[తెర మీద: నులక మంచం.]

ఈ మంచం చూడండి. కోళ్లూ పట్టెలూ ఎముకలనుకుంటే, నులక గుజ్జన్నమాట. ఎక్స్‌రేకి కోళ్లూ పట్టెలూ మాత్రమే కనిపిస్తాయి. నులక పూర్తిగా అరిగి పట్టెలు దగ్గరైతే తప్ప తేడా తెలీదు. అప్పటికి ఏళ్లు గడిచిపోతాయి.

గుజ్జు అంటాం గానీ అది మెత్తగా ఏమీ ఉండదు. ముదురు కొబ్బరిలా తెల్లగా, నున్నగా, గట్టిగా, 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందాన ఉంటుంది. అందులో ముప్పావు వంతు దాకా నీళ్లే. ఆ నీళ్లను పట్టి ఉంచేది కొలాజెన్ అనే నులక అల్లిక. మధ్యలో ప్రోటియోగ్లైకాన్లు అనే పెద్ద అణువులు నీటిని లాక్కుని ఉబ్బి, అల్లికను బిగువుగా ఉంచుతాయి. గుజ్జులో నరాలు లేవు, రక్తనాళాలూ లేవు. అందుకే మొదట్లో నొప్పి చెప్పదు, దెబ్బ తగిలితే సరిగా మానదు.

ఇప్పుడు ఎంఆర్‌ఐ. మన కుర్రాడిలా గిర్రున తిరిగినప్పుడు, మోకాలి లోపల తొడ ఎముకనీ కాలి ఎముకనీ కలిపి పట్టే ఏసీఎల్ లిగమెంట్ తెగొచ్చు. అది తెగిన క్షణంలో తొడ ఎముక బయటివైపు భాగం వెళ్లి కాలి ఎముక వెనక అంచుకి గుద్దుకుంటుంది. మామూలు ఎంఆర్‌ఐలో ఆ రెండు చోట్లా ఎముక లోపల తెల్లటి మచ్చ కనిపిస్తుంది. దాన్ని బోన్ బ్రూయిజ్ అంటారు, ఎముకకి తగిలిన కమురుదెబ్బ అన్నమాట. కొన్ని నెలల్లో మచ్చ మాయమవుతుంది. కానీ గుద్దుకున్న ఆ రెండెముకల మధ్య నలిగిందేమిటి? గుజ్జే కదా!

నులక తెగితే మామూలు ఎంఆర్‌ఐ చూపిస్తుంది. వదులైతే? దానికే టీ2 మ్యాపింగ్.

[తెర మీద: తొడ ఎముక చివర రంగుల పట్టీ.]

ఎంఆర్‌ఐ గుజ్జులోని నీటి అణువులను రేడియో తరంగంతో ఒక్కసారి కదిపి వదులుతుంది. వాటి నుంచి వచ్చే సిగ్నల్ ఎంత త్వరగా ఆరిపోతుందో కొలిస్తే అదే టీ2. బిగువైన అల్లికలో ఇరుక్కున్న నీటి సిగ్నల్ చప్పున ఆరిపోతుంది. 3 టెస్లా (అయస్కాంతం బలానికి కొలత) మెషిన్‌లో బాగున్న గుజ్జుకి సుమారు 30, 40 మిల్లీసెకన్లు. అల్లిక వదులై నీళ్లు స్వేచ్ఛగా తిరుగుతుంటే ఇంకాసేపు నిలుస్తుంది. ఆ తేడానే రంగుల్లో చూపిస్తారు. పైకి నున్నగా ఉన్న గుజ్జులో కూడా ఓ చోట రంగు మారి కనిపిస్తుంది.

ప్రోటియోగ్లైకాన్ల తగ్గుదలను పసిగట్టడానికి టీ1రో అని ఇంకో పద్ధతి ఉంది. సోడియం ఎంఆర్‌ఐ కూడా ఉంది గానీ, దానికి సిగ్నల్ పట్టే ప్రత్యేకమైన కాయిల్, శక్తిమంతమైన మెషిన్ కావాలి. ఎక్కువగా పరిశోధనశాలల్లోనే కనిపిస్తుంది.

అయితే రంగు చూసి కంగారు పడకూడదు. గుజ్జు పోగులు అయస్కాంత క్షేత్రానికి దాదాపు 55 డిగ్రీల కోణంలో ఉన్నచోట, ఆరోగ్యంగా ఉన్నా టీ2 ఎక్కువ చూపిస్తుంది. పరిగెత్తి వచ్చి పడుకుంటే గుజ్జులో నీళ్లు పిండుకుపోయి లెక్క తగ్గుతుంది. అందుకే కాసేపు కూర్చోబెట్టి మరీ స్కాన్ తీస్తారు.

"రంగు మారింది సరే, మందేదీ?" అంటారా? పాడైన గుజ్జును మళ్లీ మునుపటిలా చేసే మాత్ర ఇంతవరకూ లేదు. ఏసీఎల్ తెగినవాళ్లలో దాదాపు సగం మందికి 10 నుంచి 20 ఏళ్లలో కీళ్ల అరుగుదల లక్షణాలు వస్తాయని అంచనా. ఆపరేషన్ చేయించుకున్నా ఆ ముప్పు పూర్తిగా పోదు. మన చేతిలో ఉన్నది తొడ కండరాన్ని బలపరచుకోవడం, బరువు పెరగకుండా చూసుకోవడం, ఆటలోకి తొందరపడి దిగకపోవడం. ఆపరేషన్ తర్వాత కనీసం 9 నెలలు ఆగమంటారు. మన కుర్రాళ్లు మూడో నెలకే బూట్లు వెతుక్కుంటారనుకోండి!

నా మటుకు నాకు, గాయపడ్డ ప్రతివాళ్లూ టీ2 మ్యాప్ కోసం డబ్బు పోయనక్కర్లేదు. లిగమెంట్, మెనిస్కస్ (రెండెముకల మధ్య మెత్తలా ఉండే పొర) సంగతి తేల్చడానికి మామూలు ఎంఆర్‌ఐ చాలు. మ్యాప్ తీయించుకుంటే మాత్రం తర్వాతి స్కాన్ కూడా అదే మెషిన్‌లో తీయించండి, మెషిన్ మారితే అంకెలు కలవవు. ఇంకోటి, రిపోర్టు కాగితం ఒక్కటే దాచుకుని సీడీ పారేస్తుంటారు. బొమ్మలన్నీ ఉండేది ఆ సీడీలోనే.