తెర రంగులు మార్చే స్క్రిప్టు మొరాయిస్తే

సభకు నమస్కారం. మ్యాక్‌లో తెరను నలుపు తెలుపుల్లోకి మార్చడం, కాంట్రాస్ట్ పెంచడం, రంగులను తిరగేయడం వంటి పనులను ఆపిల్‌స్క్రిప్టుకు, అంటే మ్యాక్‌లోని ప్రోగ్రాముల చేత మన బదులు పనులు చేయించే ఆదేశాల భాషకు, అప్పగించేవారు మనలో ఉన్నారు. నాకు అది సౌకర్యం మాత్రమే. చూపు మందగించినవారికి ఆ అమరిక లేనిదే అక్షరం కనబడదు.

2022 అక్టోబరులో వచ్చిన మ్యాక్ఓఎస్ వెర్షన్ వెంచురాలో సిస్టమ్ ప్రిఫరెన్సెస్ కాస్తా సిస్టమ్ సెట్టింగ్స్ అయింది. పేరుతోపాటు విండో లోపలి అమరిక కూడా మారడంతో, ఫలానా గ్రూపులో మూడో చెక్‌బాక్స్ అని లెక్కపెట్టి రాసుకున్న స్క్రిప్టులు లేనిదాన్ని వెతికి -1719 అనే ఎర్రర్‌తో ఆగిపోయాయి. అయితే ఆ అంకెను చూసి వెంటనే వరుస సంఖ్యలు దిద్దడానికి కూర్చోకండి. కొన్ని పాత వెర్షన్లలో యాక్సెసిబిలిటీ అనుమతి, అంటే ఇతర ప్రోగ్రాముల బటన్లను నొక్కే అనుమతి, లేకపోయినా అదే అంకె వచ్చేది. కాబట్టి దాని పక్కనున్న వాక్యాన్ని పూర్తిగా చదవాలి.

అనుమతి దగ్గరే ఎక్కువమంది తికమకపడతారు. సాధారణంగా అది స్క్రిప్టుకు కాదు, దాన్ని నడిపించే ప్రోగ్రాముకు దక్కుతుంది. స్క్రిప్టులు రాసే స్క్రిప్ట్ ఎడిటర్‌లో చక్కగా నడిచినది, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ నుంచి నడిపితే ఆగిపోయిందంటే, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోని యాక్సెసిబిలిటీ జాబితాలో టెర్మినల్ స్విచ్ ఆన్‌లో ఉందో లేదో ముందు చూడాలి.

ఇక నా సొంత నిర్వాకం ఒకటి చెబుతాను. రాత్రి తొమ్మిదింటికి తెర నలుపు తెలుపుల్లోకి మారాలని రాసుకున్న స్క్రిప్టు, ఆ పని నేనే ముందుగా చేసేసిన రోజున సరిగ్గా తొమ్మిదింటికి రంగులన్నీ తిరిగి తెచ్చిపెట్టింది. తప్పు దానిది కాదు, నొక్కమన్నాను, నొక్కింది. చెక్‌బాక్స్ విలువ 0 అయితేనే, అంటే ఆఫ్‌లో ఉంటేనే, నొక్కాలన్న ఒక్క షరతు చేర్చాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. అలాగే, పేజీ తెరుచుకోవడానికి రెండు సెకన్లు ఆగమని రాయడం కంటే, ఆ చెక్‌బాక్స్ కనబడేదాకా ఆగమని, పది సెకన్లు దాటితే మానుకొమ్మని రాయడం మేలు.

విండో గొడవే వద్దనుకుంటే కంట్రోల్, ఆప్షన్, కమాండ్‌లతో 8ని నొక్కించి రంగులు తిరగేయవచ్చు. ఆ షార్ట్‌కట్‌ను కీబోర్డు అమరికల్లో ముందే ఆన్ చేసి ఉంచాలి. ఇందులోనూ నొక్కిన ప్రతిసారీ స్థితి తారుమారవుతుందన్న చిక్కు తప్పదు.

ఇతరుల కంప్యూటరులో ఇటువంటి స్క్రిప్టు పెట్టేటప్పుడు, అది మొరాయించినా వారే చేత్తో మార్చుకోగలిగేలా, ఆప్షన్, కమాండ్, ఎఫ్5 కలిపి నొక్కితే యాక్సెసిబిలిటీ షార్ట్‌కట్ల ప్యానెల్ వస్తుందని వారికి చూపించి, వారి చేత ఒకసారి నొక్కించి మరీ రండి.